చదవని పుస్తకం బరువు

పొద్దున్నే కాలేజీ బస్సు దిగి, లైబ్రరీ తాళం తీసి, ఫ్యాను వేసుకుని కూర్చోగానే అనుపమకు మూతి తిప్పుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవారు. సెల్‌ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి వచ్చే పిల్లలు కొందరు. ఫ్యాను కింద కునుకు తీసే లెక్చరర్లు కొందరు. గైడు జిరాక్సు ఎక్కడ దొరుకుతుందో లైబ్రేరియన్‌నే అడిగే ఘనులు ఇంకొందరు.

శంషాబాద్ అవతల పాల్మాకుల దాటాక ఉంటుంది ఆ ఇంజనీరింగు కాలేజీ. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు భూముల బేరాలతో పైకొచ్చిన మల్లేశ్వర్ కట్టించాడు. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించాలని లారీలకు లారీలు పుస్తకాలు దింపించాడు. వాటిని ఎవరూ తెరవలేదు. తెరవని పుస్తకం ఏటేటా బరువెక్కుతుంది కాబట్టి, నాలుగేళ్ళకు ఒక్కొక్కటి ఇసుర్రాయంత అయింది. అరలు వంగిపోయాయి. రెండు బీరువాల కింద నేల కుంగింది.

"కొండల్, ఆ వరుస జర సర్దు" అనేది అనుపమ.

"నాతోని కాదక్కా. హమాలీలను పిలిపియ్యుండ్రి" అనేవాడు అటెండరు కొండల్. పోయిన ఏడు ఒక గణితం పుస్తకం తీయబోయి నడుం పట్టి వారం దవాఖానలో ఉన్నాడు పాపం.

అక్షరమంటే గిట్టని మంద అనుకునేది అనుపమ. ఆ మందలో పిల్లలూ లెక్చరర్లూ మల్లేశ్వరూ అందరూ ఉండేవారు, తను తప్ప.

2012లో సీట్లు నిండలేదు. మల్లేశ్వర్ ఆమెను సిటీలో ఒక హోటల్లో జరిగే శిక్షణకు పంపాడు. మారుతున్న కాలంలో లైబ్రేరియన్లు నేర్వాల్సిన విద్యల గురించట. టై కట్టుకున్నాయన తెర మీద బొమ్మలు మారుస్తూ, "ఇకమీదట మీరు లైబ్రేరియన్లు కాదండీ, సమాచార సారథులు" అన్నాడు.

"మీరు ఈ మధ్య చదివిన పుస్తకమేది సార్?" అని అడిగింది అనుపమ.

ఆయన నవ్వి, భోజనాలు చల్లారిపోతున్నాయన్నాడు. సారథులంతా ప్లేట్ల దగ్గరికి పరిగెత్తారు. అనుపమ అన్నం ముట్టకుండా ఇంటికొచ్చేసింది.

మరుసటి వారం మల్లేశ్వర్ పిలిచాడు. "లైబ్రరీ రూముల కంప్యూటర్లు పెడుతున్నం మేడం. మీరు ఇగ ఊర్లు తిరిగి అడ్మిషన్లు పట్టుకరావాలె."

"మరి పుస్తకాలు?"

"అవి లేస్తలేవు గద. ముంగట గోడ కట్టిస్త."

అనుపమ ఆ రోజే రాజీనామా చేసింది. లైబ్రరీ కోర్సులో తనతో చదివిన అర్షియా ఎయిర్‌పోర్టు పక్కన విమానాలు బాగుచేసే కంపెనీ ఆఫీసులో ఉండేది. ఆమెకు ఫోను చేసింది.

"మా తాన మాన్యువల్స్ చూసుకునేటందుకు లైబ్రేరియన్ కావాలంటున్నరు అనూ. వస్తవా?" అంది అర్షియా.

పని కొత్తది. విమానం తయారుచేసినవాళ్ళు మార్పులు పంపిస్తుంటారు. పాత పేజీ తీసి కొత్త పేజీ పెట్టాలి. మెకానిక్కు చేతికి పాత పేజీ పోకుండా చూడాలి. అనుపమ తొందరగానే నేర్చుకుంది, నేర్చుకుంటూనే ఈసడించుకుంది. పేజీలు మార్చడానికి ఇంత చదువెందుకని ఒక చిరాకు. గ్రీజు వేళ్ళతో పుస్తకం పట్టుకునే మెకానిక్కుల మీద ఇంకో చిరాకు. కాకపోతే ఇక్కడి పుస్తకాలు తేలిగ్గా ఉండేవి. టైర్లు మార్చే మాన్యువల్ ఫ్యాను గాలికి లేచిపోతుంటే, అమ్మార్ అనే శంషాబాద్ కుర్ర మెకానిక్కు దాని మీద పానా పెట్టి పోయేవాడు.

మరుసటి ఏడాది వానాకాలంలో, చెకప్‌కు వచ్చిన ఒక విమానం సాయంత్రం ప్రయాణికులతో ఢిల్లీ పోవాల్సి ఉంది. దాని ల్యాండింగ్ గేరు మాన్యువల్లో కొన్ని వారాల కిందట కొత్త పేజీలు చేరాయి. షిఫ్టు మేనేజరు జీవన్ వచ్చి, పని అయిందని సంతకం పెట్టేందుకు ఆ పుస్తకం ఇమ్మన్నాడు. అనుపమ లాగింది. అది కదల్లేదు. మనుషుల ప్రాణాలతో పనున్న పుస్తకాలు ఏళ్ళ బరువును వారాల్లోనే ఎక్కుతాయి.

"దీన్ని ఎవరూ చదవలేదు సార్."

"అందరూ చదివామన్నారండీ. వానలు కదా, కాగితం చెమ్మెక్కి ఉంటుంది."

"చెమ్మకు గింత బరువెక్కదు. ఎవరన్న చదివేదాంక నేనియ్య."

"మీ పని సర్దడం వరకే. ఆ విమానం ఇవాళ ఆగిందంటే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అని జీవన్ వెళ్ళిపోయాడు.

అనుపమ సరాసరి హ్యాంగరులోకి పోయింది. అమ్మార్ చక్రాల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"గేరు పేజీలు చదివినవా అమ్మార్?"

అతను తల దించుకున్నాడు. "లే మేడం. అందరు చదివినమన్నరు, నేను గూడ అన్న."

"మీ బతుకులే గింత. అక్షరం కనవడితే జరమొస్తది మీకు."

అమ్మార్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నిజమే మేడం. మరి మీరు చదివినా బరువు దిగుతుండె గద. మీరెందుకు చదవలే?"

అది నా పని కాదు అనబోయింది అనుపమ. గోడ వెనక మిగిలిపోయిన ఆ కాలేజీ పుస్తకాల్లో తను తెరిచింది ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. లేదు. ఎవరూ చదవడం లేదని తిట్టడానికే ఆమె దినమంతా సరిపోయేది. ఆ కుంగిన నేలలో ఆమె పాపమూ ఉంది.

"ఇంగ్లీషు అర్థమైతది గని, గేరు నాకు తెల్వదు" అంది మెల్లగా.

"గేరు నాకు తెలుసు. ఇంగ్లీషే పరేషాన్ చేస్తది."

పుస్తకం అరలోంచి రాదు కాబట్టి ఇద్దరూ మాన్యువల్స్ గదికి వచ్చి నేల మీద కూర్చుని, అరలో ఉన్నచోటే అట్ట తెరిచారు. అనుపమ చదివింది. అర్థం కాని చోట అమ్మార్ వేళ్ళతో గాలిలో గీసి చూపించాడు. పేజీ తిరిగినకొద్దీ అర కిర్రుమంటూ పైకి లేచింది. ఒకచోట అమ్మార్ ఆమెను ఆపాడు.

"మళ్ళ చదువుండ్రి మేడం."

చక్రాల కాలిని పట్టి ఉంచే పిన్ను దగ్గర రంగు గీకి చూడాలని ఉంది అక్కడ. పైనుంచి చూస్తే తెలియదట. అమ్మార్ లేచి పోయి విమానం ఎడమ చక్రాల కాలి దగ్గర రంగు గీకాడు. లోపల వెంట్రుకంత పగులు కనిపించింది.

జీవన్ టార్చి వేసుకుని చాలాసేపు చూశాడు. విమానం లేవదని తనే ఫోన్లో చెప్పాడు. పోతూ పోతూ అనుపమ వైపు తిరిగి, "రేపు కాస్త ముందుగా రండి. మిగతావి కూడా మాతో చదివిద్దురు" అన్నాడు.

చీకటి పడే వేళకు ఆమె సిటీ వైపు ఆరాంఘర్ పోయే బస్సెక్కింది. ఆగిపోయిన విమానం ప్రయాణికులు సూట్‌కేసులతో అందులోనే తిరిగి పోతున్నారు. అందరూ ఫోన్లలో విమానం బాగుచేసే కంపెనీని తిడుతున్నారు. భుజాన నిద్రపోతున్న పాపను వేసుకుని నిలబడ్డ ఒకాయన అనుపమ మెడలో ఆ కంపెనీ కార్డు చూశాడు.

"మీ తాన పని వచ్చినోడు ఒక్కడన్న ఉన్నడా అమ్మా?" అన్నాడు వెటకారంగా.

ఇంకో రోజైతే అనుపమ అతని నోరు మూయించేది. పాప చెంప తండ్రి భుజానికి ఒత్తుకుని ఎర్రగా ఉంది.

"నిజమే అన్నా. పొద్దటిదాంక మాకెవ్వరికీ రాకుండె" అంది.

కిటికీ వైపు జరిగి, పాపను పడుకోబెట్టమని జాగా ఇచ్చింది.