సాయిబీణ్ ఆగిన ఇల్లు

క్రిస్మస్‌కి ముందు ఆగమన కాలం వచ్చిందంటే ఆ వాడలో సాయిబీణ్ నడక మొదలవుతుంది. అద్దాల పెట్టెలో దేవమాత విగ్రహం. ఒక్కో ఇంట్లో ఒక్క రాత్రి ఉంటుంది. మర్నాటి సాయంత్రం జపమాల చెప్పుకుని, పాడుకుంటూ పక్కింటికి చేరుస్తారు. అలా ఇల్లిల్లూ తిరిగి క్రిస్మస్ వేళకి ఆమె చర్చికి చేరాలి.

క్లోటిల్డా ఇంటికి సాయిబీణ్ వచ్చిన సాయంత్రం, గంజి కూడా మింగలేక పడి ఉన్న వాళ్ళమ్మ, మాయ్ అని పిలుచుకునే ముసలావిడ, కళ్ళు తెరిచింది.

"ఆ వత్తి కాస్త పైకి తియ్యవే. ఆమె చీకట్లో ఉంటే ఎట్లా?"

ప్రార్థనకి వచ్చినవాళ్ళకి పంచే శనగల గిన్నె క్లోటిల్డా చేతిలోంచి జారిపోయేదే. ఆ పొద్దునే డాక్టరమ్మ నాడి చూసి, అమ్మ దగ్గరే ఉండమని చెప్పి వెళ్ళింది. ఓడలో వంటవాడిగా ఉన్న తమ్ముడు బెంతో క్రిస్మస్‌కి గానీ రాలేడు. "నేనొచ్చేదాకా అమ్మని ఎట్లాగైనా ఉంచు, అక్కా" అని ఫోన్లో ఏడ్చాడు. ఉంచుతానని క్లోటిల్డా మాటిచ్చింది.

మర్నాటి సాయంత్రం వాడంతా కొవ్వొత్తులు పట్టుకొస్తే, క్లోటిల్డా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సాయిబీణ్‌ని కొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి."

"అదెట్లా కుదురుతుందమ్మాయ్?" అన్నాడు ప్రార్థన నడిపే సంతాన్ మామ. "దారిన పోయే మనిషికి ఒక పూట చోటిస్తాం. గొళ్ళెం పెట్టి ఉంచేసుకుంటామా?"

"లోపలికి తొంగి చూడు మామా. మాయ్ లేచి కూర్చుంది."

పక్కింటి ఉంబెలీనా నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరి ఇంతమందికని నేను ఉడకేసిన శనగలు? అన్నీ మా ఆయనే తింటే రేపు ఆ ఇంట్లో నేనుండగలనా?"

అందరూ నవ్వేశారు. ఆ నవ్వు తర్వాత కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదు.

పొద్దున చూస్తే, ఇడ్లీల్లా ఆవిరికి ఉడికించే సన్నాల పిండి పొంగలేదు. కల్లు పోసి మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. కల్లు మంచిది కాదేమోనని పారబోసి, ఉంబెలీనాని అడిగి వేరే కల్లు తెచ్చి కలిపింది. అదీ అంతే. క్రిస్మస్‌కి పెట్టే పశువుల పాక బొమ్మల చుట్టూ పచ్చగా ఉండాలని పళ్ళెంలో చల్లిన రాగులు తెల్లటి మొలకెత్తి అక్కడే ఆగిపోయాయి. ఉంబెలీనా ఇంట్లో అదే రోజు చల్లినవి బెత్తెడు పెరిగాయి. సాయిబీణ్ ముందు కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది, కరగడం లేదు.

రోజులు గడిచాయి. మాయ్ కూర్చునే ఉంది. ఆకలి లేదంది. ఆమె రెప్ప వాల్చడం క్లోటిల్డా చూడలేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానూ లేదు, చల్లగానూ లేదు.

"నయమైనట్టే కదా, మాయ్?"

"నయమూ లేదు, పాడూ లేదు. ఆగిపోయానే." మాయ్ చూపు అద్దాల పెట్టె మీదే ఉంది. "పాపం, వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నిలబడే ఉంది. నెలలు నిండిన మనిషి. పురుడు పోసుకునే చోటికి పోవద్దూ? నేనూ ఆమెతోనే బయల్దేరాను. నువ్వేమో ఇద్దర్నీ గుమ్మంలో ఆపేశావు."

"బెంతో వస్తాడు మాయ్. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో."

"వాడొచ్చి ఎవర్ని చూస్తాడు? దీన్నా?" తన ఒంటిని, అది ఎవరిదో అన్నట్టు, వేలితో చూపించింది.

క్లోటిల్డా అక్కడ ఉండలేక పెరట్లోకి వెళ్ళింది. పిల్లలు ఎప్పుడో దిగాల్సిన కోడి ఇంకా బుట్టలో పొదుగుతూనే ఉంది. ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకుంది. లోపల్నుంచి పిల్ల ముక్కుతో పొడుస్తోంది. పెంకు మాత్రం బీటైనా వారలేదు. వింటూ ఉండగానే ఆ చప్పుడు నీరసించింది.

ఆమె గుడ్డుని బుట్టలో పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. సాయంత్రం దాకా ఆగితే మనసు మారుతుందని తెలుసు. ఎవర్నీ పిలవకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో, పెట్టెని ఒంటరిగా ఎత్తుకుంది. వచ్చిన రోజుకంటే చాలా బరువుగా ఉంది.

గడప దాటగానే వెనక చెప్పుల చప్పుడు మొదలైంది. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచే నడక. మాయ్ మంచం పట్టాక ఆ ఇంట్లో వినపడని నడక. క్లోటిల్డా వెనక్కి తిరగలేదు. తిరిగితే మళ్ళీ తనే ఆపేస్తుంది.

ఉంబెలీనా తలుపు తీసింది. "శనగలు పాచిపోయాక తెచ్చావా తల్లీ..." అంటూనే క్లోటిల్డా భుజం మీదుగా చూసి ఆగిపోయింది. పక్కకి జరిగింది. ఒక మనిషి లోపలికి రావడానికి అంత జరగనక్కర్లేదు.

"ఇంటికి పో, క్లోటిల్డా," అంది మెల్లగా.

"పోతాను. ఈమెని దించనీ."

తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టెని దించి, అక్కడే నేలమీద కూర్చుని తమ్ముడి నంబరు కలిపింది. సముద్రం హోరు మధ్య వాడి గొంతు వినపడింది. "అక్కా? అమ్మ ఎట్లా ఉంది?"

మాట తప్పినందుకు ఏడుస్తాననుకుంది. ఏడుపు రాలేదు.

"అమ్మని పంపించాను రా," అంది.