మిస్సింగ్ అని రాసిన కాగితం

ఏడేళ్ళ కిందట ఆ మాట రాసింది నేనే. లోవరాజు వేటకెళ్ళిన పడవ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో దొరికింది. మనిషి దొరకలేదు. మా జాలరిపేటలో ఇంగ్లీషు మేష్టారిని కాబట్టి పోలీసు స్టేషన్లో ఇవ్వాల్సిన అర్జీ నా చేతే రాయించారు. ‘మిస్సింగ్’ అని రాశాను.

అతని భార్య వెంకటదుర్గ ఏడవలేదు.

“అదేం మాటండి, మేష్టారూ?” అంది.

కనబడటం లేదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా! మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే నాకు తిన్నది అరగదు. ‘మిస్’ అన్నది చాలా పాత మాటనీ, వేసిన దెబ్బ గురికి తగలకుండా పోవడాన్ని అలా అనేవారనీ, బళ్ళో పాఠం చెప్పినట్టు చెప్పాను.

ఆవిడ అర్జీలో ఆ మాట కేసి చూసింది. “అయితే ఆయనకి తగల్లేదన్నమాట.”

కాదని చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పట్నుంచి పేటలో ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా ‘మిస్సింగ్ లోవరాజు భార్య’ అనడం మొదలెట్టారు. ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. బొట్టూ గాజులూ తియ్యలేదు, తియ్యమని ఎవరూ అనలేదు. ఆవిడ నవ్వడం గానీ ఏడవడం గానీ నేను చూడలేదు. లేనిపోని ఆశ పెట్టానని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

ఈ మాఘంలో కూతురు దుర్గాశ్రీకి సంబంధం కుదిరింది. ఏడేళ్ళు నిండాయి కాబట్టి, లోవరాజు చనిపోయినట్టు రాయించి కోర్టులో పెట్టాలని పేట పెద్ద పల్లంరాజు అన్నాడు. ఆ సాయంత్రమే వెంకటదుర్గ పాత అర్జీ నకలు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

“పెళ్ళయ్యేదాకా ఆగండి, మేష్టారూ. నా బిడ్డకి నా చేత్తో బొట్టు పెట్టుకోవాలండి. అంతేనండి.”

ఉప్పు ధర అడిగినట్టే అడిగింది. సరేనన్నాను.

పెళ్ళికూతుర్ని చేసే రోజు పెళ్ళికొడుకు మేనత్త రామలక్ష్మి ముత్తయిదువులకి వరసగా బొట్టు పెడుతూ వచ్చి, వెంకటదుర్గ ముందు ఆగిపోయింది. కుంకుమ అంటిన వేలు అలాగే ఉంది.

“ఈవిడకి పెట్టచ్చాండీ?”

పల్లంరాజు నా వైపు చూశాడు. ఆయన్ని చూసి అందరూ నా వైపే తిరిగారు. తెలుగులో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

“కాగితంలో ఇంకా మిస్సింగేనండి” అన్నాను.

రామలక్ష్మి బొట్టు పెట్టింది. వెంకటదుర్గ లేచి కూతురి దగ్గరికి వెళ్ళింది. తన చేత్తో బొట్టు పెట్టింది. అది కాస్త పక్కకి పోతే కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. దుర్గాశ్రీ ఏడ్చింది. తల్లి ఏడవలేదు.

పెళ్ళయింది. పిల్లని అత్తారింటికి పంపిన మర్నాడు పొద్దున్నే వెంకటదుర్గ మా అరుగు దగ్గర నిలబడి ఉంది. నుదుటిమీద బొట్టు లేదు, చేతులకి గాజులు లేవు. పాత అర్జీ నకలు నా ముందు పెట్టింది.

“ఇప్పుడు రాసేయండి.”

నకలు చేతిలోకి తీసుకున్నాను. “ఎప్పుడు తెలిసిందమ్మా?” అన్నాను.

“పడవ దొరికిన రోజేనండి. అప్పటికి పిల్లకి పదమూడేళ్ళండి. నేను బొట్టు తీసేస్తే దానికి తెలిసిపోద్ది కదండీ. మీరేదో చెప్పారు, ఆ మాట పట్టుకుని ఉండిపోయానండి.”

పెన్ను తీశాను. మిస్సింగ్ అన్నచోట ‘డెడ్’ అని పెట్టి, కోర్టుకి కొత్త అర్జీ రాసిచ్చాను. ఆ మాటకి అర్థమేంటని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.