పదడుగులు వెనక్కి

నేను ఒక ఇత్తడి యాష్‌ట్రేని. అరచేయంత ఉంటాను. పెంబర్తిలో నన్ను మలిచినవాడు మనుషులు సిగరెట్లు ఆనించుకోవడానికి అంచు మీద నాలుగు గాట్లు పెట్టాడు. పొగ తాగి పడేసే పనికి ఇంత నగిషీ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట హనుమకొండలో ఒక ఫోటో స్టూడియో బల్ల మీద ఉన్నాను. స్టూడియోకు బోర్డు రాసిన పెయింటర్ మొగిలి పనితనం మెచ్చి, యజమాని నన్ను అతనికి ఇచ్చేశాడు. ఇరవై రెండేళ్లు మొగిలి బూడిద మోశాను.

అతనికి ఒక పద్ధతి ఉంది. బోర్డు పూర్తి కాగానే పదడుగులు వెనక్కి వెళ్లి, సిగరెట్ వెలిగించి, అది అయిపోయేదాకా అక్షరాలను చూస్తాడు. వంకర ఎక్కడుందో పొగలోంచే తెలుస్తుందని అతని నమ్మకం.

ఒక చలికాలం అతనికి గుండెపోటు వచ్చింది. మళ్లీ సిగరెట్ ముట్టుకుంటే ఈసారి ఆసుపత్రి దాకా రాలేవని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి నర్సు అతని ఫోన్‌ను సిగరెట్ మాన్పించే చాట్‌బాట్‌కు కలిపింది. అవతల మనిషెవరూ లేరని, సందేశాలు పంపేది మిషనేనని ముందే చెప్పింది. అయినా మొగిలి రోజూ "నమస్తే మేడం" అనే మొదలుపెట్టేవాడు. రాసేది, వచ్చేది అంతా పైకి చదివేవాడు కనుక నాకూ తెలిసేది.

తొమ్మిదో రోజు ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక మిఠాయి దుకాణం బోర్డు పూర్తయింది. పదడుగులు వెనక్కి వెళ్లాడు. చెయ్యి ఊరుకోలేదు. పీకను నాలోనే నలిపాడు. మధ్యాహ్నం ఫోన్ ఎప్పటిలాగే, ఇవాళ తాగారా అని అడిగింది. తాగలేదని రాశాడు.

"చాలా సంతోషం మొగిలి గారూ. తొమ్మిది రోజులు నిలబడ్డారు."

తిడితే ఏమనాలో అతనికి తెలుసు. మెచ్చుకోలు అతనికి కొత్త. కంచంలో అన్నం చల్లారిపోయింది. చివరికి రాశాడు: "అబద్ధం చెప్పిన మేడం. ఒకటి తాగిన."

"నిజం చెప్పినందుకు ధన్యవాదాలు. అప్పుడు ఏం చేస్తున్నారు?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. పదడుగుల సంగతంతా రాశాడు. ఆ సమయంలో చేతిలో ఇంకేదైనా పట్టుకోమని, నోట్లో లవంగం వేసుకోమని జవాబు వచ్చింది.

లవంగాలు తెచ్చిస్తూ భార్య సమ్మక్క అంది: "నాకు ఇరవై ఏండ్లు అబద్ధాలు చెప్పినవు. గా మిషన్‌కు ఒక్క పూట చెప్పలేకపోయినవా?"

"నువ్వెన్నడన్న నమ్మినవా? అది నమ్మింది."

మర్నాడు ఆమె నన్ను చింతపండుతో తోమింది. మొగిలి నాలో ఎర్రరంగు పోసి, నన్ను చేత్తో పట్టుకుని పదడుగులు వెనక్కి నడిచాడు. ముందు రోజు పొగలోంచి చూసినప్పుడు కనబడని వంకర ఒకటి 'మి' గుడి దగ్గర కనిపించింది. వెళ్లి దిద్దాడు.

ఏడాది దాటింది. ఇప్పుడు నా గాట్లలో కుంచెలు ఆనుకుంటాయి, కొలిచి చేసినట్టు. నన్ను మలిచినవాడికి ఈ సంగతి తెలియదు.