ఎలుగుల గొర్జి

కొండ దగ్గర మొదలై భావనపాడు ఇసుక దిబ్బల దాకా మొగలి పొదల మధ్య ఒక గొర్జి ఉండేది. పగలు మనుషులు నడిచే ఆ సన్నటి దారిలో పొద్దుగూకితే ఎలుగుబంట్లు నడిచేవి. ఊళ్లో ఎవరు భూములు పంచుకున్నా గొర్జిని మాత్రం వాటాల్లో వేసుకునేవారు కాదు. ఎలుగు వాటా ఎలుగుకే వదిలేవారు.

నూకయ్య తమ్ముడు జగన్నాధానికి జీడితోట పిచ్చి పట్టింది. పంతొమ్మిదొందల అరవై ఏడు, అరవై ఎనిమిది ప్రాంతంలో ఆ చుట్టుపక్కల ఎవరికి పట్టలేదు గనక! తన పొలం పక్కనున్న గొర్జి పొదలు నరికించి, జీడిమొక్కలు నాటి, చుట్టూ ముళ్లకంప కట్టేశాడు. దారి మూసుకుపోయేసరికి ఎలుగు పక్కకి తిరిగి నూకయ్య పెరట్లోంచి నడక మొదలెట్టింది. ఒకనాడు తెల్లారగట్ల నూతి దగ్గరికి వెళ్లిన అతని భార్య కూర్మమ్మ దానికి ఎదురుపడింది. అది ఆవిడ భుజం చీరేసింది. బండి కట్టి కోటబొమ్మాళి తీసుకెళ్లి కుట్లు వేయించుకొచ్చారు.

నూకయ్య తమ్ముడి ఇంటికి వెళ్లాడు.

"ఒరే, ఆ కంప తీసీరా. మీ ఒదిన సచ్చి బతికినాది."

"మొక్కలు తొక్కీస్తే నువ్విస్తావేటన్నా? బల్లేలు అట్టుకోని కాపేద్దాం. ఇటొస్తే సంపీద్దాం."

నూకయ్యకి వాదించే ఓపిక లేదు. ఇంటికొచ్చి ఆ మాటే పెళ్లానికి చెప్పాడు.

"దాని ఈపు మీద పిల్లున్నాదయ్యా," అంది కూర్మమ్మ, కట్టు సర్దుకుంటూ. "దారి మూసీస్తే అది మాత్రం ఏటి సేస్తాది?"

పెరటికీ తమ్ముడి తోటకీ మధ్య నూకయ్య వాళ్ల వేరుశనగ చేను ఉంది. ఆ ఏడు వాళ్లు నమ్ముకున్నదల్లా అదే. మర్నాడు నూకయ్య ఎలుగు పోయేందుకు చేను రెండు చివర్లా కంప పీకి, ఆ కంపతోనే పెరటికి అడ్డం కట్టాడు. ఒంగి లేవడానికి నడుం సహకరించలేదు, మనసు అసలే సహకరించలేదు. కాయ ఊరుతున్న చేను కళ్లారా వదిలేసుకోవడమంటే ఏడుపొచ్చింది.

ఎలుగు దారి మార్చుకుంది. పోతూ పోతూ చేనంతా తవ్వి కాయ తినేసింది. కూర్మమ్మ మాత్రం మళ్లీ నూతికి ధైర్యంగా వెళ్తోంది.

కొన్నాళ్లకి జగన్నాధం వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"మంచి పని సేసినావన్నా. నా మొక్క ఒక్కటీ పోనేదు. వొచ్చే ఏడూ సేను ఇలగే దానికి వొగ్గీ."

తిట్టాలనుకున్నాడు నూకయ్య. అలసిపోయి ఊరుకున్నాడు. కూర్మమ్మ ఊరుకోలేదు.

"వొగ్గుతాం జగన్నాధం. మరి మా తిండి నీ ఇంటికాడే."

జగన్నాధం పరాచికమనుకుని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆవిడ కంచాలు తీసుకుని, మొగుణ్ణి లేవదీసి, మరిది అరుగు మీదికెళ్లి కూర్చుంది. లోపల అన్నం వారుస్తున్న వాసన వస్తోంది. పక్కన కూర్చున్న నూకయ్యకి సిగ్గుగా ఉంది. ఆకలిగానూ ఉంది.