కడగని చక్రం

గుడ్డులోంచి వచ్చిన తాబేటి పిల్ల సముద్రం వైపు పోవాలి. ఆ పొద్దున పిల్లలన్నీ ఇసుకలో గుండ్రంగా తిరుగుతున్నాయి. వంగి చూశాను. కళ్లున్నచోట తెల్లటి పొర. ఒక్కోదాని మీద ఇరవై ముప్పై పసుప్పచ్చ చీమలు. ఈ చీమ కుట్టదు. యాసిడ్ లాంటి ద్రావకం చిమ్ముతుంది, కళ్లు కాలిపోయేదాకా.

నా బిడ్డ తాలియా నా చంకలోంచి అదే ఇసుకను చూస్తోంది. దానికి ఏడు నెలలు. ఇంకో నెలకు పాకుతుంది. ఎక్కడ పాకుతుంది? ఆ రోజు నుంచి చాప నాలుగుసార్లు దులపందే దాన్ని పడుకోబెట్టలేదు. అది నిద్రలో కళ్లు నలుపుకుంటే నా గుండె ఆగిపోయేది.

ఆ చీమ మాది కాదు. రోడ్డు కాంట్రాక్టరు క్రాడక్ యంత్రాలతో వచ్చింది. ఎక్కడో పని చేసిన రోలరు, తవ్వే బండి సరుకుల పడవ మీద, అదే బార్జి మీద, మా రేవులో దిగాయి, పట్టాల నిండా ఎండిన మట్టితో. కడిగించామని వాడి చేతిలో కాగితం ఉంది. నా చదువు తొమ్మిదితో ఆగింది గానీ, చీమను నడుం చూసి చెప్పగలను. మా నేల కాపలా దళంలో నా కూలీ పనే అది. బయటి తెగులు మా గట్టెక్కకుండా పరీక్షకు అడవి పందుల నెత్తురు తీస్తాం, దోమల బోనులు పెడతాం, చీమల్ని సీసాల్లో పట్టి పట్నానికి పంపుతాం.

మరి యంత్రాలు దిగిన రోజే ఎందుకు ఆపలేదని అడుగుతారు. అడగండి. మట్టిపెళ్లలో కదిలే చీమను మొదట చూసింది నేనే. కానీ రేవు మీద డ్యూటీలో ఉన్నది మా అమ్మ పెద్దకొడుకు. మాలో పెద్దయ్యాక తోడబుట్టిన ఆడా మగా ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోరు, పేరెత్తుకోరు. అది పగ కాదు, మర్యాద. కేకేయడానికి నా నోరు రాలేదు. మా మేనత్త డాఫ్నీ చేత చెప్పిద్దామని ఇంటికి పరుగెత్తాను. ఆమె కర్ర పట్టుకుని వచ్చేసరికి అరగంట. యంత్రాలు రేవు దాటి క్యాంపుకు పోయాయి. తెచ్చింది క్రాడక్కే. ఆ అరగంట మాత్రం నాది.

సీసాలు పంపాం. అదే చీమని జవాబొచ్చింది. పైఆఫీసువాళ్లు మాకు మందు పంపలేదు, మనిషిని పంపలేదు. ఒక బోర్డు పంపారు. చీమ పట్టిన ఈ నేల నుంచి ఏ బండీ కడగకుండా కదలరాదని దాని మీద రాసుంది. రేవుకు దిగే మలుపులో దాన్ని మేమే పాతాం.

రోడ్డు పనైపోయింది. గురువారం బార్జికి యంత్రాలు వేరే ఊరికి పోవాలి. చీమను కాపలావాళ్ల బండే తెచ్చిందని, ఆ బండిలో వచ్చింది నేనేనని క్రాడక్ ఒక కాగితం రాయించాడు. మాలో ఒకరి సంతకం పడితే నేరం మాది, వాడు కడక్కుండానే పోవచ్చు. నేను కనబడితే మా అమ్మ పెద్దకొడుకు వీపు తిప్పుకోవడం వాడు చూశాడు. పగ అనుకున్నాడు. చల్లటి సీసా అతని చేతికిచ్చి అన్న మాటలు షెడ్డు వెనకున్న మా దళంలోని జెత్రో విన్నాడు.

"నీకూ ఆమెకూ పడదని నాకు తెలుసు. ఒక్క సంతకం. ఆమె పోతుంది, దళానికి నువ్వే పెద్ద."

గురువారం రేవు దగ్గర చూద్దామన్నాడట మావాడు, మా అమ్మ కొడుకు. అంతే అన్నాడట.

బుధవారం సాయంత్రం చింతచెట్టు కింద అందరం కూడాం. యంత్రాలు తగలబెడదామన్నాడు జెత్రో. సగంమంది ఊఁ కొట్టారు. నాలోనూ అదే మంట.

"కాలిస్తే వాడికి కొత్తవొస్తాయి, నీకు జైలొస్తుంది," అంది డాఫ్నీ అత్త. "బూడిదంటే చీమకు భయమట్రా, సన్నాసీ?"

సంతకం సంగతేంటని వెనకనుంచి ఎవరో అడిగారు. నేను తలెత్తలేదు. చెట్టుకు అవతలివైపు, నాకు వీపు పెట్టి, మావాడు కుక్క చెవి గోకుతున్నాడు. దాని పేరు డీజిల్.

"డీజిల్, ఆ పిల్లతల్లికి చెప్పు," అన్నాడు. "వాడు కడక్కుండా వచ్చాడు. కడక్కుండా పోడు."

గురువారం నలభైమంది ఆడవాళ్లం బార్జి తలుపుకు ఎదురుగా బైఠాయించాం. మా వెనక మగవాళ్లు. క్రాడక్ కాగితం చాచాడు. మావాడు తీసుకున్నాడు. దాన్ని రోలరు మీద పరిచి, దానిపైన సాసేజి మాంసం ముక్క పెట్టాడు. మేం చీమకు ఎర పెట్టేది అలాగే, తెల్లకాగితం మీద. పావుగంటలో కాగితం పసుపు రంగుకు తిరిగింది. సంతకం పెట్టాల్సిన చోట అన్నిటికన్నా దట్టం.

"ఇంకా ఏడు రేవులు తిరగాలి నేను," అన్నాడు బార్జి నడిపేవాడు. తలుపెత్తేసి ఖాళీగా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి కొత్త రోడ్డు మీదే పోలీసు ట్రక్కు వచ్చింది. బోర్డు దాటి, రోలరు పక్కనే గంటసేపు నిలిచింది. పనికి అడ్డుపడ్డాడని మావాణ్ని పట్టి వెనకాల ఎక్కించారు. క్రాడక్ నవ్వాడు.

తాలియాను అత్త ఒళ్లో పెట్టి లేచాను. వెళ్లి ట్రక్కు చక్రం ముందు నిలబడ్డాను. ఈసారి ఎవరి చేతా చెప్పించలేదు.

"బోర్డు చదవండి, సార్జెంటుగారూ. కడగని బండి కదలకూడదు."

"అది కాంట్రాక్టర్లకు."

"చీమకు యూనిఫాం తెలీదండీ."

బంపరు కింద ఎర పెట్టాను. వచ్చాయి. సార్జెంటు వంగి చూశాడు, తన బూటు చూసుకున్నాడు. నీళ్లెక్కడని అడిగాడు. నీళ్లు బోరులో ఉన్నాయి. బోరు తాళంచెవి డాఫ్నీ అత్త గౌను జేబులో ఉంది.

"కడుగుతాం నాయనా," అంది అత్త, బిడ్డను ఊపుతూ. "చక్రానికో పూట."

ట్రక్కు జాలీ లోపలినుంచి మావాడి గొంతు. "డీజిల్, ఆమెకు చెప్పు. వెనక మడ్‌గార్డు లోపల కూడా చూడమను."

చూశాను. అక్కడా ఉన్నాయి.

క్రాడక్ నవ్వు ఆగింది. వాడి రోలరు మా ఎండలో నిలిచే ఉంది, దాని కడుపులో చీమలు గుడ్లు పెడుతున్నాయి. మాకు తెచ్చినదాన్ని కూర్చుని చూడనీ. రెండో చక్రం కడుగుతుండగా కొండ అవతల దుమ్ము లేచింది. కబురంది వచ్చిన మిగతా పల్లెలవాళ్లు. ఏడు బండ్లు, పైన జనం. బోర్డు దగ్గరకు రాగానే ఏడు బండ్లూ ఆగాయి. అందరూ దిగి, చెప్పులు దులుపుకుని, మా వైపు నడిచి వస్తున్నారు.