నీలం తేలిన నూనె

యాదలక్ష్మి చంటిబిడ్డతో రామన్నపేటలోని అత్తగారింటికి వెళ్లడానికి ఇంకొక్క రోజే ఉంది. బాలింత వెంట పుట్టింటి నువ్వుల నూనె కుండ పోవాలి. తల్లి సైదమ్మ తమ గానుగలోనే ఆడించి కుండ నింపింది గానీ, మూతకు గుడ్డ కడుతుంటే చేతులాడలేదు. ఆడించినవి విత్తనానికని పురుగుమందు డి.డి.టి. పొడి కలిపి దాచిన నువ్వులు. విత్తగా మిగిలినవాటిని కడిగి ఎండబెట్టింది. పెద్దబిడ్డను కూడా ఇట్లాగే నూనె కుండతో బండెక్కించింది. మళ్లీ ప్రాణంతో చూడలేదు.

"గన్ని నీళ్లతోని కడిగిన. ఇంకేముంటదయ్యా?"

"నీ ఫికరుకు మందు లేదే!" అన్నాడు ఆమె పెనిమిటి గుర్వయ్య. "జడ్చర్లల నూనెలు పరీక్ష చేసే పిల్ల దిగిందట. ఆమెను సతాయించు పో."

సైదమ్మ ఆ నూనె సీసాలో పోసుకుని పోయింది. ఆ పిల్ల, మంజులత, ఉండే కిరాయి గది నిండా గాజు సామానే. సైదమ్మ చెప్పిందంతా విన్నది.

"పెద్దమ్మా, గీ మందు నీళ్లల్ల కరగదు, నూనెల కరుగుతది."

ఆమె నూనెను పెట్రోలు వాసనేసే ద్రవంలో పలుచన చేసి, అడుగున కుళాయి ఉన్న గాజు గరాటులో పోసి, దానితో కలవని మరో ద్రవం చేర్చి ఊపింది. రెండూ విడిపోయాయి. నూనెలోని మందు అడుగు ద్రవంలోకి దిగిందట. కుళాయి తిప్పి దాన్ని మాత్రమే, పసిబిడ్డకు పాలు పట్టినంత ఓపిగ్గా, వేరే పాత్రలోకి దింపింది. వడగట్టింది, కాచింది, ఏవేవో కలిపింది. చివరికి గొట్టంలో మందు ఉందనే గుర్తుగా నీలిరంగు తేలింది. ఎంత మందుకు ఎంత నీలమో ముందే కొలిచి పెట్టుకున్న గొట్టాల పక్కన పెట్టి చూసింది.

"శానా ఉందా బిడ్డా?"

"ఆగు. నా సామానుకే అంటిందేమో."

మందు తగలని నూనెతో మళ్లీ మొదటి నుంచి చేసింది. రంగు రాలేదు. సైదమ్మ నూనెతో ఇంకోసారి చేసింది. అదే నీలం. పొద్దు వాలింది. ఒక్క మాట చెప్పడానికి ఇంత కష్టపడే మనిషిని సైదమ్మ ఎన్నడూ చూడలేదు.

"తినొద్దు పెద్దమ్మా. బిడ్డ ఒంటికి గూడ రాయొద్దు."

ఇంటికొచ్చి కుండెడు నూనె గుంటలో పోసి మట్టి కప్పింది.

తెల్లారి బస్సు దగ్గర యాదలక్ష్మి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఉత్త చేతుల్తోని పోతే మా అత్త తోలు తీస్తదే అమ్మా."

సైదమ్మ మనవరాలిని చంకనెత్తుకుని బస్సెక్కి కూర్చుంది.

"నువ్వేడికే?" అని కిందనుంచి అరిచాడు గుర్వయ్య.

"మంజులతమ్మ నూనెను ఎట్ల పరీక్ష చేసిందో వియ్యపురాలికి చెప్పొద్దా? ఆమె తోలు తీసేదుంటే ముందుగాల నాది తియ్యనీ!"