తెరేసమ్మగారి టిక్కులు

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి, ముందు ఇది వినండి. అరవై ఏళ్ల కిందట మా కాలేజీ ల్యాబులో తన చేత్తో గైగర్ కౌంటర్ తయారుచేసిన డాక్టర్ తెరేసమ్మగారికి మొన్న విజయవాడ వన్‌టౌన్‌లో సన్మానం జరిగింది. గైగర్ కౌంటరంటే రేడియేషన్ తగిలితే టిక్కుటిక్కుమనే పెట్టె. ఆవిడకిప్పుడు ఎనభై ఆరు. యాంకర్ని నేనే, కీర్తనని, బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్!

పరమాణు కేంద్రకాల మీద పనిచేసిన మన తొలితరం ఆడవాళ్లలో ఆవిడ ఒకరు. కానీ నాకు పిచ్చెక్కించిన సంగతి వేరే. ఓసారి ఆవిడ పరిశోధన అచ్చయింది, ప్రొఫెసర్ పోస్టు ఖాయమైంది. అప్పుడు తెలిసింది, లెక్కపెట్టిన వాటిలో పన్నెండు టిక్కులు కేంద్రకానివి కావు, సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్ చిటపటలవి అని. ఎవరూ అడక్కుండానే ఆవిడే పేపరు వెనక్కి తీసుకున్నారు. పోస్టు పోయింది.

ఇదంతా సన్మాన సంఘం అధ్యక్షులు, హోల్‌సేల్ బట్టల వ్యాపారి కాశీరావుగారికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఫ్లెక్సీ వేయించారు. మధ్యలో దండం పెడుతూ కాశీరావుగారు, వెనక పేలుతున్న ఆటంబాంబు, ఆ పొగలో ఓ మూల పాస్‌పోర్టు సైజులో తెరేసమ్మగారు.

"బాంబెందుకండీ? ఆవిడ దాని జోలికే పోలేదు!"

"న్యూక్లియరంటే జనానికి ఏదోటి పేలాలి కదమ్మాయ్! గులాబీలు పెడతామా?"

మంగళగిరి నుంచి ఆటోలో దిగిన తెరేసమ్మగారు ఫ్లెక్సీ ముందు ఆగి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏమ్మా కీర్తనా, ఆ తగలబడుతున్నది నేనేనా?"

శాలువాలొద్దని ఆవిడ నెల కిందటే అన్నారు. ఒకటే అడిగారు. "నా కౌంటర్ని స్కూలు పిల్లలకి ఒక్కసారి వినిపించాలమ్మా. మళ్లీ వస్తానో రానో." అప్పుడే సంచిలోంచి పాతకాలం పెట్రోమాక్స్ లైటు మేంటిల్, అదే లోపల వెలిగే తెల్లటి వలగుడ్డ, తీసి నాకిచ్చారు. "ఇందులో థోరియం ఉంటుంది. పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన మోసిన లైట్లలోవే ఇవి!"

సన్మానం రోజు హాల్లో రెండొందల మంది స్కూలు పిల్లలు. నెల రోజులు తంటాలుపడి ఆ పెట్టెని నేనే బాగుచేశాను. పొద్దున చక్కగా పలికింది.

కాశీరావుగారు పూజ చేసేదాకా పలికింది.

ఆయనకి కొత్త లారీ అయినా పాత కౌంటరైనా ఒకటే. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కింద నిమ్మకాయలు పెట్టారు. నేను స్టేజీ వెనక నుంచి "అయ్యో, వద్దండీ!" అని పరిగెత్తేలోపు, ఆన్ చేసి ఉన్న పెట్టె అంచుమీదే కొబ్బరికాయ ఠప్పున కొట్టేశారు. నీళ్లన్నీ లోపలికే. చిటపటమంది, సన్నగా పొగ లేచింది.

"శుభం! ధూపం కూడా అదే వేసుకుంది," అన్నారాయన.

తుడిచి, మేంటిల్ ఆనించి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

"కంగారు పడమాకమ్మా," అని కాశీరావుగారు చెవిలో గొణిగారు. "నీ ఫోన్లో టిక్కుటిక్కు ఉందా? మైకు దగ్గర పెట్టి నొక్కు. ఆవిడకి చెవులు అంతంతమాత్రం, స్పీకర్లో వస్తే పెట్టెదే అనుకుంటారు. పిల్లలకేం తెలుసు!"

ఉంది. పొద్దున నేనే రికార్డు చేశాను. ఈ పెట్టెవే, ఈ మేంటిల్‌వే, అచ్చమైన టిక్కులు. కాకపోతే పొద్దుటివి.

ఈలోగా తెరేసమ్మగారు స్టేజీ ఎక్కేశారు. నా దగ్గర్నుంచి తీసుకుని మేంటిల్‌ని పెట్టెకి దగ్గరగా పట్టుకున్నారు. రెండొందల మంది పిల్లలూ ఊపిరి బిగబట్టారు. నెత్తిమీద సీలింగ్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

ఆవిడ పసుపు పూసిన పెట్టెని చూశారు, నా మొహం చూశారు.

"పలుకుతోందామ్మా? నాకు వినపట్టంలేదు."

"నొక్కు తల్లీ, నొక్కు!" అని వెనక నుంచి కాశీరావుగారు.

నా బొటనవేలు ఫోను మీదే ఉంది. ఒట్టేసి చెప్పండి, మీరైతే నొక్కేవారా?